దిండు లేని కుర్చీ

మేడం గారు పోయారని గుడివాడ నుంచి ఫోనొచ్చింది. పొద్దున్నే కొట్టు తాళం తీస్తున్నాను. ఫోను చేసినవాడు ఫిజియోథెరపిస్టు, మేడం గారి దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు. "తాతగారూ" అన్నాడు. ఏడ్చేశాడు. నాకు అర్థమైపోయింది. తీసిన తాళం మళ్ళీ వేసేసి ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ మంచం పట్టె పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

సంతాప సభలో నన్నూ రెండు ముక్కలు చెప్పమన్నారు. లేచాను. అందరూ నా వైపే చూశారు. నమస్కారం పెట్టి కూర్చున్నాను. జనంలో మాట్లాడడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. మా ఊరి బళ్ళో ఐదో తరగతి దాకా చదివాను, అక్కడా పద్యం అప్పజెప్పమంటే చెమటలు పట్టేవి. అందుకని ఆ రోజు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మేడం గారంటే మా బందరులో పక్షవాతం వచ్చినవాళ్ళనీ, తుంటి విరిగినవాళ్ళనీ మళ్ళీ నడిపించిన మనిషి. ముందు ఆస్పత్రిలో చేసేవారు. తర్వాత సొంతంగా చిన్న సెంటరు పెట్టుకున్నారు. నాకంటే వయసులో బాగా చిన్న. నన్ను బాబాయ్ గారూ అనేవారు. చుట్టరికం ఏమీ లేదు.

నాది చెక్క పని. చిలకలపూడిలో చిన్న కొట్టు. చుట్టూ రోల్డు గోల్డు నగలు చేసేవాళ్ళు, మధ్యలో నా రంపం చప్పుడు. మేడం గారికీ నాకూ పరిచయం మా ఆవిడ వల్ల అయింది. ఆవిడకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఒక అబ్బాయి రోజూ వచ్చి కసరత్తులు చేయించేవాడు. మంచివాడు. "సూపర్ అమ్మమ్మా! నిన్నటి మీద చాలా బెటరు" అనేవాడు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు కూడా "అబ్బో, చాలా తేరుకుందే" అనేవాళ్ళు. నేనూ అదే అనేవాణ్ణి. మా ఆవిడ మాత్రం దొడ్లోకి ఒక్కతే వెళ్ళలేకపోయేది. నేనో, పక్కింటి అమ్మాయో పట్టుకుని తీసుకెళ్ళాలి. ఆవిడకి నడకంటే ఆ సిగ్గే పెద్ద బాధ. "నేను ఇంకేం అడగనండీ, దొడ్లోకి నేనొక్కదాన్నీ వెళ్ళొస్తే చాలు" అనేది.

ఎవరో చెబితే ఆటోలో మేడం గారి దగ్గరకి తీసుకెళ్ళాను. ఎలా ఉందని అడిగారు.

"చాలా బెటరండీ" అన్నాను.

"ఎంత బెటరు బాబాయ్ గారూ?"

దానికి జవాబు ఉంటుందనే నాకు తెలీదు.

మేడం గారు మా ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టారు. కుర్చీ ముందు, కొంచెం దూరంలో నేల మీద రంగు టేపు అంటించి ఉంది. తను లేవండి అనగానే లేవాలి, ఆ టేపు దాకా నడవాలి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి, మీరు మామూలుగా నడిచేటట్టే నడవండి అని చెప్పారు. లేవండి అన్నప్పుడే గడియారం మీట నొక్కి, మళ్ళీ కూర్చునేదాకా ఎంతసేపు పడుతుందో మేడం గారు చూస్తారు. పడకుండా పక్కనే ఒక అమ్మాయిని నిలబెట్టారు గానీ ముట్టుకోవద్దన్నారు. మా ఆవిడ లేవబోతుంటే నేను ఊరుకోలేక వెళ్ళి జబ్బ పట్టుకున్నాను.

"బాబాయ్ గారూ, అలా వెళ్ళి కూర్చోండి. నేను చూడాల్సింది పిన్ని గారి నడక. మీ ప్రేమ కాదు."

మా ఆవిడ ఊరుకుంటుందా? "పెళ్ళిలో కూడా ఇంత గట్టిగా పట్టుకోలేదమ్మా ఈయన. ఇప్పుడే పట్టుకుంటున్నారు, వదిలెయ్యమంటావేంటి?" అంది. గదిలో అందరూ నవ్వారు. మేడం గారు కూడా నవ్వి, గడియారం మళ్ళీ మొదటికి తిప్పి, మొదట చెప్పిన మాటలే పొల్లు పోకుండా మళ్ళీ చెప్పారు.

అప్పుడు నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. జబ్బు మనిషిని "భేష్" అని ఒక్క మాట అనకుండా రాయిలా చూస్తారేంటి అనుకున్నాను. కొన్ని వారాలయ్యాక ఒక రోజు మేడం గారే చెప్పారు. "పిన్ని గారూ, మీరు కదలట్లేదు. వచ్చినప్పుడు ఎంతసేపు పట్టిందో ఇప్పుడూ అంతే పడుతోంది."

మా ఆవిడ ముఖం మాడిపోయింది. "నేను సరిగ్గా చెయ్యట్లేదేమో" అంది.

"మీరు చెప్పినవన్నీ చేస్తున్నారు. నేను చెప్పేవే మీకు పని చెయ్యట్లేదు. అవి మారుస్తాను. ఇది మీకు వేసే మార్కు కాదండీ, నాకు నేను వేసుకునే మార్కు."

ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు. డాక్టర్ల దగ్గరకి వెళ్ళిన ఇన్నేళ్ళలో ఆ మాట ఇంకెవరూ అనలేదు. కాళ్ళల్లో బలం కాదు, తిరిగేటప్పుడు నిలకడ తక్కువైందని పట్టుకుని కసరత్తులన్నీ మార్చారు. ఊరికే బెటరు, బెటరు అనుకుంటూ పోతే ఆ సంగతి మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఒక పొద్దున నేను లేచేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది. గబగబా వెతుక్కుంటూ వచ్చాను. చూస్తే దొడ్డి గుమ్మంలోంచి కర్ర పట్టుకుని వస్తోంది మా ఆవిడ. "ఏం చూస్తున్నారలా? పాలు పెట్టండి" అంది. పాలు పెట్టాను. పొయ్యి దగ్గర కళ్ళు తుడుచుకున్నాను, అది ఆవిడకి చెప్పలేదు.

ఆ తర్వాతే కుర్చీల పని వచ్చింది. మేడం గారు కొట్టుకి వచ్చి, అక్కడున్న పీట మీద కూర్చుని అడిగారు. "ఒకే ఎత్తువి కుర్చీలు కావాలి. పదిహేడు అంగుళాలు. చేతుల్లేకుండా. వెన్ను నిటారుగా."

"ఎవరికండీ?" అన్నాను. మా పనిలో మొదటి ప్రశ్న అదే. మనిషిని చూసి కుర్చీ చేస్తాం. పొడుగు మనిషికి ఒక ఎత్తు, పొట్టి మనిషికి ఒక ఎత్తు, ముసలాయనకి ఇంకాస్త పైకి.

"ఎవరికీ కాదు. అందుకే మీ దగ్గరకి వచ్చాను. ఒకరి కోసం చేసిన కుర్చీ నాకు వద్దు. బందర్లో ఒకటి, గుడివాడలో ఒకటి, అవనిగడ్డలో ఒకటి ఉండాలి. మూడూ ఒకటే అవ్వాలి."

సంగతేంటంటే, ఈ కొలిచే పరీక్షలు బయట దేశాల్లోనూ, పెద్ద ఊళ్ళలోనూ అందరూ ఒకే తీరుగా చేస్తారట. అదే కుర్చీ ఎత్తు, అదే దూరం, అవే మాటలు. మన దగ్గర ఒకరు ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు, ఒకరు స్టూలు వేస్తారు, ఇంకొకరు అసలు కొలవరు. ఇక్కడ కొలిచింది అక్కడ పనికిరాదు. మూడు ఊళ్ళలో తన దగ్గర నేర్చుకున్న పిల్లలు ఉన్నారు, వాళ్ళతో మొదలుపెడదామని మేడం గారి ఆశ. వేప చెక్కతో చేశాను. చేస్తుంటే చెయ్యి ఒప్పుకోలేదు, ఎవరో ఒకరిని మనసులో కూర్చోబెట్టుకోకుండా కుర్చీ చెయ్యడం నాకు అదే మొదలు.

గుడివాడ కుర్చీ ఇవ్వడానికి వెళ్ళిన ఆదివారం అక్కడ వాళ్ళ మీటింగు జరుగుతోంది. చుట్టుపక్కల ఫిజియోలు వచ్చారు. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఒకాయన లేచి, "మేడం, ఉన్న పేషెంట్లకే టైం చాలట్లేదు, మధ్యలో ఈ పరీక్షలెక్కడ పెడతాం?" అన్నాడు. ఇంకొకావిడ, "తగ్గలేదని చెబితే పేషెంటు ఫీలవుతారు మేడం, మళ్ళీ రారు" అంది. ఈ గుడివాడ కుర్రాడు, మొన్న నాకు ఫోను చేసినవాడు, అప్పుడు కొత్త అల్లుడు. వాడు లేచి నవ్వుతూ, "అయితే మేడం, మా అత్తగారి వంటకి కూడా వారం వారం మార్కులు వెయ్యమంటారా?" అన్నాడు.

హాలంతా గొల్లుమంది. మేడం గారు మాత్రం సీరియస్‌గానే చెప్పారు. "వెయ్యి నాయనా. కాకపోతే ప్రతి వారం అదే కూరకి వెయ్యి. ఈ వారం గుత్తొంకాయకీ, వచ్చే వారం చారుకీ వేసి, అత్తగారి వంట పాడైపోయిందని మీ ఆవిడతో చెప్పకు."

ఆ నవ్వుల్లోనే చాలామందికి విషయం బుర్రకెక్కింది. నాకూ అంతే. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మేడం గారు కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నారు. "ఇవాళ ఒప్పుకున్నారు కదండీ" అన్నాను. "నేను చూస్తుంటే కొలుస్తారు బాబాయ్ గారూ. నేను చూడనప్పుడు? పైగా మనకి మొహమాటం ఎక్కువ. మనసుకి దగ్గరైన మనిషికి తగ్గలేదని చెప్పాల్సి వచ్చినప్పుడు చెబుతారా? అప్పుడు చెబితేనే ఇది నిలిచినట్టు" అన్నారు. ఆవిడ బెంగ అదొక్కటే. ఆ తర్వాత ఆవిడతో ఎప్పుడు మాట్లాడినా చివరికి ఆ బెంగ దగ్గరకే వచ్చేవారు.

అవనిగడ్డ సంగతి చెప్పాలి. దివిసీమలో ఒక లంక గ్రామం నుంచి ఒక రైతు, తుంటి ఆపరేషను అయి, అవనిగడ్డ అమ్మాయి దగ్గర కసరత్తులు చేసేవాడు. ఆ అమ్మాయి కూడా మేడం గారి శిష్యురాలే. నడక బాగా మెరుగైందని కొలిచి రాసింది. తర్వాత ఆయన గుడివాడలో కూతురింటికి వెళ్ళాడు. అక్కడ మన కుర్రాడు కొలిస్తే బాగా వెనకబడినట్టు వచ్చింది. ఆ కూతురు ఇంతెత్తున లేచింది. "మా నాన్న అక్కడ బాగున్నాడు, ఇక్కడికి తెచ్చాకే ఇలా అయింది, మీరేం చేశారు?" అని. ఆ రైతు భయపడిపోయి, ఇక నేను లేవను అని అన్నం మానేశాడట. ఈ ఇద్దరు ఫిజియోలూ ఫోన్లో పోట్లాడుకున్నారు. "నీకు కొలవడం రాదు" అంటే "నీకు రాదు" అని.

మేడం గారు నాకు కబురు పెట్టారు. "కుర్చీలో ఏమైనా తేడా ఉందేమో చూద్దురుగాని రండి" అన్నారు. బస్సులో వెళ్ళాం. దారంతా నాకు గుబులే, నా చేతి పని వల్లే ఆ మనిషికి అన్నం సయించట్లేదేమోనని. అవనిగడ్డలో ఆ అమ్మాయి గది చాలా శుభ్రంగా ఉంది. కుర్చీ గోడకి ఆనించి ఉంది. దాని మీద పువ్వుల గలేబు తొడిగిన దిండు. మెత్తటి దూది కాదు, నొక్కితే అణగని పీచు దిండు.

మేడం గారు దాని మీద కూర్చున్నారు. లేచారు. దిండు తీసి కూర్చున్నారు. మళ్ళీ లేచారు. మా ఇద్దరి వైపూ చూశారు. కొలత టేపు బయటికి తియ్యాల్సిన పని కూడా లేకపోయింది నాకు. దిండుతో కుర్చీ ఎత్తు పెరిగింది, ఎత్తు పెరిగితే లేవడం తేలిక.

"ఇది ఎందుకు వేశావమ్మా?"

ఆ అమ్మాయి బిక్కమొహం వేసింది. "పెద్దవాళ్ళు కదా మేడం. ఉత్త చెక్క మీద కూర్చోమంటే ఏం మర్యాదగా ఉంటుందని... మా ఇంట్లో ఎవరొచ్చినా ముందు దిండు వేస్తాం."

తిడతారనుకున్నాను. తిట్టలేదు. దిండు ఆ అమ్మాయి ఒళ్ళో పెట్టి, "మంచి పనే చేశావు. కానీ ఇవి నీ మర్యాదకి వచ్చిన మార్కులు, ఆయన నడకకి వచ్చినవి కావు. కాఫీ ఇచ్చేటప్పుడు దిండు వెయ్యి. కొలిచేటప్పుడు తీసెయ్యి" అన్నారు. అక్కడి నుంచే గుడివాడ ఫోను చేసి ఆ రైతుతో మాట్లాడారు. స్పీకరులో పెట్టారు. "మీరేం వెనక్కి పోలేదండీ. అవనిగడ్డలో దిండు మీద కూర్చున్నారు, గుడివాడలో చెక్క మీద కూర్చున్నారు, అంతే తేడా."

అవతల నుంచి, "అంటే నేను ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నానా?" అని గట్టిగా అరిచాడాయన. "ఒసే అమ్మాయ్, అన్నం పెట్టవే" అనడం కూడా వినబడింది మాకు.

నవ్వొచ్చింది గానీ, అవనిగడ్డ అమ్మాయి నవ్వలేదు. సాయంత్రం మమ్మల్ని బస్సెక్కించడానికి వచ్చి, "మేడం, నేను ఈ పనికి పనికిరానేమో. నాకు మొహమాటం ఎక్కువ" అంది. మేడం గారు, "మొహమాటం లేనివాళ్ళు పేషెంటుని చూడను కూడా చూడరమ్మా. నువ్వే పనికొస్తావు" అన్నారు. బస్సు కదిలాక నాతో, "ఈ పిల్ల గట్టిపడితే ఇక నాకు దిగులు లేదు" అన్నారు.

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి నేను చెప్పగలిగింది తక్కువ. చెక్క పనివాణ్ణి. మేము కొలవకుండా తలుపు చేస్తే గుమ్మానికి పట్టదు, అది అప్పుడే తెలిసిపోతుంది. మీ పనిలో అలా కాదు. కొలవకపోయినా రోజు గడిచిపోతుంది, పేషెంటు కూడా దండం పెట్టి వెళ్ళిపోతాడు. అందుకే మీకు కష్టం ఎక్కువని మేడం గారు అనేవారు. మా ఆవిడ ఇవాళ ఒక్కతే దొడ్లోకి వెళ్ళొస్తోందంటే ఆ రోజు మేడం గారు "కదలట్లేదు" అని మొహం మీద చెప్పబట్టే.

కొన్నాళ్ళకి మేడం గారికే జబ్బు చేసింది. చేతులు వణికే జబ్బు, పార్కిన్సన్స్ అంటారు. అడుగు చిన్నదైపోయింది. నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గర ఆగిపోయేవారు, కాళ్ళు నేలకి అంటుకున్నట్టు. సెంటరు పిల్లలకి అప్పజెప్పి ఇంట్లోనే ఉండేవారు. నేను వాళ్ళింట్లో గోడకి పట్టుకునే కమ్మీలు బిగించడానికి వెళ్ళేవాణ్ణి. మేడం గారు ఎవర్నీ అడగకుండా అవనిగడ్డ అమ్మాయిని పిలిచారు. నెలకోసారి వచ్చి నన్ను కొలువు అన్నారు. "బందర్లో ఇంతమంది ఉండగా అంత దూరం నుంచి ఎందుకండీ?" అని నేను అడిగితే నవ్వి ఊరుకున్నారు.

మొదటి రెండుసార్లు పెద్ద తేడా లేదు. ఆఖరిసారి కొలిచిన రోజు నేను అక్కడే ఉన్నాను, వంటింటి గుమ్మం దగ్గర మరలు బిగిస్తున్నాను. ఆ అమ్మాయి "లేవండి" అంది. సెంటరు నుంచి తెప్పించిన నా చెక్క కుర్చీలోంచి మేడం గారు రెండు మూడుసార్లు ఊగితేగానీ లేవలేకపోయారు. తర్వాత చిన్న చిన్న అడుగులు. తిరిగేటప్పుడు ఆగిపోయారు. నేను మర వదిలేసి లేచి నిలబడ్డాను. ఆ అమ్మాయి పక్కనే ఉంది, ముట్టుకోలేదు. మేడం గారు ఎలాగో తిరిగి, వచ్చి కూర్చున్నారు. రొప్పుతున్నారు.

"గడియారం ఎప్పుడు నొక్కావు?" అన్నారు.

ఆ అమ్మాయి తల వంచుకుంది. "మీరు లేచాక నొక్కాను మేడం."

"ఎప్పుడు నొక్కాలి?"

"లేవండి అనగానే."

"మరి?"

ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. మేడం గారు చూస్తూ ఉన్నారంతే. ఏం చెయ్యమనీ చెప్పలేదు, మళ్ళీ కొలువు అని కూడా అనలేదు. ఆ అమ్మాయి చున్నీతో మొహం తుడుచుకుంది. గడియారం మొదటికి తిప్పింది. "కాసేపు రెస్టు తీసుకోండి మేడం. మళ్ళీ చేద్దాం" అంది. గొంతు వణుకుతూనే ఉంది గానీ మాట స్పష్టంగా ఉంది.

కాసేపాగి మళ్ళీ చేశారు. ఈసారి "లేవండి" అనడం, గడియారం టిక్కుమనడం ఒకేసారి వినబడ్డాయి నాకు. మేడం గారు వచ్చి కూర్చున్నాక, "ఎంత?" అని అడిగారు. ఆ అమ్మాయి చెప్పింది. ఎంతో ఇక్కడ రాయను, అది వాళ్ళ సంగతి. పోయిన నెలకంటే చాలా ఎక్కువ అని మాత్రం నాకూ తెలిసింది. "బాగా మందగించింది మేడం నడక. మందు మార్చమని డాక్టరు గారికి ఇవాళే చెబుదాం. తిరిగేటప్పుడు ఆగిపోతున్నారు, దానికి వేరే కసరత్తు మొదలుపెడతాను" అంది, మేడం గారి కళ్ళల్లోకి చూస్తూనే.

మేడం గారి మొహం వెలిగిపోయింది. జబ్బు ముదిరిందని విన్న మనిషి మొహంలో అంత సంతోషం నేను ఎక్కడా చూడలేదు. నా వైపు తిరిగి, "విన్నారా బాబాయ్ గారూ?" అన్నారు. నేను తలూపాను.

తర్వాత మేడం గారు లేచి వంటింట్లోకి నడిచారు. టీ తనే ఇస్తానన్నారు, పనిమనిషిని రావద్దన్నారు. కప్పూ సాసరూ రెండు చేతుల్తో పట్టుకుని తెచ్చారు. చేతులు వణికి సగం టీ సాసర్లో పడిపోయింది. ఆ అమ్మాయి లేచి అందుకుంది. కప్పు బల్ల మీద పెట్టి, సాసరు రెండు చేతుల్తో ఎత్తి, అందులో పడ్డ టీ ముందు తాగింది. కాఫీ ఇచ్చేటప్పుడు దిండు వెయ్యి, కొలిచేటప్పుడు తీసెయ్యి అని అవనిగడ్డలో మేడం గారు అన్న మాట నాకు గుర్తొచ్చింది. మేడం గారు నిలబడి, అది అయ్యేదాకా చూస్తూ ఉన్నారు.